కాటా లేకుండా అన్నం కొలత: అరల కంచం, నాలుగు నెలల వాడకం తర్వాత

బేగం బజార్‌లో స్టీలు సామాను కిలో లెక్కన అమ్ముతారు కదా, ఈ కంచం అక్కడే కొన్నాను. గుండ్రంగా పన్నెండు అంగుళాలు, నాలుగు అరలు, అంచు లోపలికి మడిచి ఉంది, రెండు కంచాలు కలిపి 580 రూపాయలు పడ్డాయి. కొట్టతను కంపార్ట్‌మెంట్ ప్లేటు అన్నాడు, మా అమ్మ అరల కంచం అంటోంది. తణుకులో మా అమ్మానాన్నల ఇంట్లో నాలుగు నెలలుగా దీంట్లోనే భోజనం. నాన్నకి షుగర్. అన్నం తగ్గించాలని అందరికీ తెలుసు, అసలు ఎంత తింటున్నారో మాత్రం ఆయనతో సహా ఎవరికీ తెలియదు, ఆ సంగతి తేల్చుకోవడానికి కొన్న కంచం ఇది. మొదటి రెండు వారాలు దీనివల్ల ఏ ఉపయోగమూ కలగలేదు. తర్వాత వాడే పద్ధతి మార్చాం, అప్పటినుంచి బాగా పనికొస్తోంది. మీ ఇంట్లోనూ ఇదే ఇబ్బంది ఉంటే ఆ రెండు వారాలు మీకు కలిసొస్తాయని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు కాటా సంగతి చెప్పాలి, ఎందుకంటే "కాటా ఒకటి కొనుక్కుంటే సరిపోతుందిగా" అని చాలామంది అంటారు. మేమూ కొన్నాం. వంటింటి కాటా, గ్రాముల్లో చూపిస్తుంది, దాంట్లో ఏ లోపమూ లేదు. కంచం దానిమీద పెట్టి, సున్నా చేసి, అన్నం వడ్డించి, అంకె చూసి, ఎక్కువైందని హస్తంతో, అంటే అన్నం వడ్డించే గరిటెతో, కాస్త తీసి మళ్లీ గిన్నెలో వేశాను. ఆ తీసి వెనక్కి వేసినప్పుడు నాన్న మొహం చూశాను. ఇంటికి ఎవరొచ్చినా అన్నం పెట్టకుండా పంపని మనిషి, ఆయన కళ్లముందే ఆయన కంచంలో అన్నం వెనక్కి తీశాను. "తూచి పెడుతున్నావామ్మా నాకు" అన్నారు, కోపంగా కూడా కాదు, మెల్లగా. ఆ పూట అమ్మ కూడా సరిగ్గా తినలేదు. మన ఇళ్లలో అన్నం తూచి పెట్టడమంటే పెట్టడానికి మనసు లేనట్టు, మందు కోసమని తెలిసినా ఆ బాధ పోదు. నాలుగో రోజుకి కాటా అటకెక్కింది, ఆ విషయంలో నేను మళ్లీ ఒత్తిడి చేయలేదు.

అంతకుముందు డైటీషియన్ ఇచ్చిన కాగితం ఒకటి ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఆవిడ మంచి మనిషి, అరగంట ఓపిగ్గా మాట్లాడింది. కాగితంలో "మధ్యాహ్నం అన్నం ఒకటిన్నర కప్పు" అని ఉంది. ఏ కప్పు? ఆ ప్రశ్న మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అమ్మ తనకి తోచినట్టు మంచినీళ్ల గ్లాసుతో కొలిచి గ్లాసున్నర పెడుతూ వచ్చింది, ఆర్నెల్లపాటు, చెప్పినట్టే చేస్తున్నామన్న నమ్మకంతో. రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అది జపాన్‌లో బియ్యం కొలిచే పాత కొలత, కుక్కర్‌తోపాటు మన వంటింట్లోకి వచ్చింది. అమెరికా వాళ్ల వంటల్లో కప్పంటే 240 దగ్గర. మా ఇంట్లో టీ కప్పులో వంద కూడా పట్టదు. ఫోన్ చేసి అడిగితే ఆవిడ చెప్పింది 200 మిల్లీలీటర్ల కప్పు గురించి, అంటే ఒకటిన్నర కప్పుకి 300. అమ్మ వాడిన గ్లాసులోనే 300 పడుతుంది, కాబట్టి గ్లాసున్నర 450. రోజూ చెప్పినదానికి ఒకటిన్నర రెట్లు వెళ్తోంది. అదీ మొదటి వడ్డనకే, మారు వడ్డించుకున్నది ఎవరూ లెక్కలో వేయలేదు. మీకు ఎవరైనా "కప్పు" అని రాసిస్తే అక్కడే కూర్చుని ఎన్ని మిల్లీలీటర్లని అడిగి రాయించుకోండి, సిగ్గుపడొద్దు.

ఇక అప్పుడు మా ఇంటికంటూ ఒక కొలత పెట్టుకున్నాం. కూర వేసుకునే చిన్న స్టీలు గిన్నె ఒకటి తీసి, అది ఎంత పడుతుందో చూడ్డానికి అర లీటరు పాల ప్యాకెట్ కత్తిరించి పోశాం. మూడు గిన్నెలు నిండి నాలుగోదాంట్లో మూడో వంతు వచ్చింది. అంటే గిన్నె 150 మిల్లీలీటర్లు. కాటా అక్కర్లేదు, కొలత కప్పులూ అక్కర్లేదు, పాల ప్యాకెట్ మీద అంకె ఎలాగూ ఉంటుంది. తర్వాత కుక్కర్ కప్పుతో తలకొట్టి ఒక కప్పు బియ్యం వండాం. ఆ కప్పులో బియ్యం 150 గ్రాముల దాకా ఉంటాయి. అన్నం ఉడికాక హస్తంతో తీసి చిన్న గిన్నెలో అదమకుండా నింపి చూస్తే సరిగ్గా నాలుగు గిన్నెలు. ఇక్కడితో లెక్క వచ్చేసింది: ఒక గిన్నె అన్నం అంటే బియ్యంలో నలభై గ్రాములకి కాస్త తక్కువ, అన్నంగా చూస్తే వంద గ్రాములకి అటూఇటూ, కేలరీల్లో 130 దగ్గర. అదమకుండా అన్నది ముఖ్యం. హస్తం వెనకవైపుతో నొక్కితే అదే గిన్నెలో ఇంకో పావు వంతు కూరొచ్చు, మా అమ్మ మొదట్లో ప్రేమకొద్దీ నొక్కింది కూడా.

ఇంకో మాట, బియ్యం మారితే ఈ లెక్క కాస్త మారుతుంది. మా ఇంట్లో తినేది సాంబ మసూరి, బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 రకం. పాత బియ్యమైతే బాగా ఒదుగుతాయి, కొత్త బియ్యం అంత ఒదగవు, మెత్తగా ముద్దయిపోతాయి. ఒదిగిన అన్నం గిన్నెలో పొడిపొడిగా పడుతుంది కాబట్టి గింజలు తక్కువ, ముద్దన్నం అదే గిన్నెలో ఎక్కువ పడుతుంది. బస్తా మారినప్పుడల్లా ఒకసారి కప్పు బియ్యం వండి ఎన్ని గిన్నెలొచ్చాయో చూసుకుంటే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక ఆదివారం నాన్నకి ఏమీ చెప్పకుండా, ఏదీ తగ్గించకుండా, ఆయన మామూలుగా ఎంత తింటారో అంతా చిన్న గిన్నెతోనే వడ్డించమని అమ్మకి చెప్పాను. నేను లెక్కపెట్టాను. పప్పులోకి గిన్నెన్నర. బెండకాయ వేపుడులోకి ఒకటి. గోంగూర పచ్చడిలోకి ఒకటి, నూనె వేసుకుని. చారులోకి ఒకటి. పెరుగులోకి ఒకటి. మొత్తం ఐదున్నర. బియ్యం లెక్కలో 200 గ్రాముల పైచిలుకు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో రెండువేల కేలరీలు తినే మనిషికి రోజు మొత్తానికి ధాన్యాలు 250 గ్రాములు అని ఉంది, ఇడ్లీ, అన్నం, చపాతీ అన్నీ కలిపి. నాన్న ఒక్క మధ్యాహ్నం పూటే దాదాపు అంత తినేస్తున్నారు. ఆయన తిండిపోతు కాదు, ఏ వడ్డనా చూడ్డానికి ఎక్కువ కాదు, ప్రతిసారీ "కొంచెమే వెయ్యి" అనే అన్నారు, నిజంగా కొంచెమే వేసుకున్నారు. మన భోజనం వరస అలాంటిది. పప్పన్నం అయ్యాక కంచం ఖాళీ, కూరన్నం అయ్యాక మళ్లీ ఖాళీ. ఐదుసార్లు ఖాళీ కంచం కనిపిస్తే ఐదుసార్లు వేసుకుంటాం, మొత్తం అన్నం ఒక్కచోట ఎప్పుడూ కంటికి కనపడదు. కంటి అంచనా అంటారే, అది చెయ్యడానికి కంటికి ముందు అంతా ఒకేసారి కనపడాలి కదా.

కంచంలో సగం కూరగాయలు, పావు పప్పు లాంటివి, పావు అన్నం అని అందరూ చెప్పే పద్ధతి అందుకే మొదట్లో మాకు నప్పలేదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వాళ్లు చెప్పేది తొమ్మిది అంగుళాల కంచం గురించి, అన్నీ ఒక్కసారే పెట్టుకుని తిని లేచే భోజనం గురించి. మన ఇళ్లలో కంచాలు పదకొండు, పన్నెండు అంగుళాలు. పన్నెండు అంగుళాల కంచం తొమ్మిది అంగుళాలదానికంటే వైశాల్యంలో ఒకటిముప్పావు రెట్లు పెద్దది, దాంట్లో పావంటే అక్కడి పావు కాదు. పైగా కంచం ఎత్తు చూపించదు, పావు వంతు చోటులో అన్నం గుట్టగా పోస్తే రెట్టింపు పడుతుంది.

ఈ కంచానికి ముందు ఆన్‌లైన్‌లో గీతలూ బొమ్మలూ ఉన్న పింగాణీ కంచం ఒకటి తెప్పించాను, 899 రూపాయలు. దాని గురించి ఎక్కువ చెప్పను. బొమ్మలు బ్రోకలీవి, బ్రెడ్డువి. గీతలున్నాయి గానీ గోడల్లేవు, చారు పోస్తే నాలుగు భాగాల్లోకీ పారింది, నాన్న ఒక్కపూట తిని పక్కన పెట్టారు. డబ్బులు దండగ.

చేతి కొలత కూడా ప్రయత్నించాం. పిడికిలంత అన్నం, అరచేయంత చికెన్, బొటనవేలి కొసంత నెయ్యి అని చెబుతారు కదా. ఈ పద్ధతి మనకి కొత్తదేం కాదు, మన వంటంతా చేతి కొలతే: చిటికెడు ఇంగువ, గుప్పెడు పల్లీలు, చారెడు బియ్యం, దోసెడు పిండి, నిమ్మకాయంత చింతపండు. దీంట్లో నాకు నచ్చినది, పెద్ద మనిషి చెయ్యి పెద్దది, చిన్న మనిషి చెయ్యి చిన్నది కాబట్టి కొలత మనిషినిబట్టి దానంతటదే సర్దుకుంటుంది. కాకపోతే మన ఇళ్లలో వడ్డించే చెయ్యి ఒకరిది, తినే చెయ్యి ఇంకొకరిది. అమ్మ పిడికిలి నాన్న పిడికిలిలో సగానికి కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. అమ్మ తన పిడికిలి చూసి వేస్తే నాన్నకి చాలదు, నాన్న తన పిడికిలి చూపించి అడిగితే అమ్మ కళ్లకి అది గుట్టలా కనిపించి "అంతా?" అంటుంది, రోజూ అదే వాదన. అన్నానికి చెయ్యి వదిలేశాం. ఆదివారం చికెన్‌కి మాత్రం అరచేతి కొలతే ఉంచాం, వేళ్లు వదిలేసి అరచెయ్యంత, అంతే మందం. వేయించిన పల్లీలకి గుప్పెడు, అదీ నాన్న గుప్పెడు. వాటికి బాగా పని చేస్తోంది.

ఇక కంచం. దీని అరలు ఇలా ఉన్నాయి: సగం కంచం అంతా ఒక పెద్ద అర, దాని పక్కన మధ్య సైజుది ఒకటి, చిన్నవి రెండు. చిన్న గిన్నెతో నీళ్లు పోసి చూశాం. పెద్దది నాలుగు గిన్నెలు పట్టింది, మధ్యది రెండున్నర, చిన్నవి ఒక్కోటి గిన్నెకి కాస్త ఎక్కువ. ఇది తయారుచేసినవాళ్లు పెద్ద అర అన్నానికని, చిన్నవి కూరలకని చేశారు, చూస్తేనే తెలుస్తుంది. మొదటివారం మేం అలాగే వాడాం. నాలుగు గిన్నెల అర ఎదురుగా ఉంటే అది నిండేదాకా వడ్డించేవాళ్లకి తృప్తి ఉండదు, కాబట్టి అన్నం పెరిగిందే గానీ తగ్గలేదు. రెండోవారం తిరగేశాం, పెద్ద అరలో కూరలు, మధ్య అరలో అన్నం. కాగితం మీద ఇదే సరైనది. కానీ అన్నం కలుపుకోవడానికి చోటేదీ? నాన్న మధ్య అరలో పప్పు వేసుకుని కలుపుతుంటే వేళ్లు గోడలకి తగులుతున్నాయి, మెతుకులు పక్క అరలో కూరలో పడుతున్నాయి, చారు పోయగానే పొంగి పక్కకి పోయింది. నాలుగు వేళ్లతో చక్కగా పరిచి కలుపుకుని ముద్ద చేసుకోవడం తిండిలో సగం సంతోషం, అది పోతే ఆ కంచం ఎవరూ వాడరు. "నాకు నా పాత కంచం ఇచ్చెయ్యండి" అనే దాకా వచ్చింది.

మూడోవారం అమ్మే చెప్పింది దారి. "అన్నం అంతా ముందే ఆ మధ్య అరలో పెట్టేస్తాను, పెద్ద అర ఖాళీగా ఉంచుతాను, కావల్సినంత ఇటు లాక్కుని కలుపుకోండి" అంది. అంతే. చివరికి చేరాల్సింది మధ్య అరలో అంచుకి సమంగా రెండున్నర గిన్నెలు, గుట్ట ఉండకూడదు. పెద్ద అర కలుపుకోవడానికి. చిన్న అరలు రెండూ కూరలకి, అవి ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. పప్పులోకి కాస్త లాక్కుంటే మధ్య అరలో ఇంకా ఎంత ఉందో నాన్నకే కనపడుతోంది. చారుకీ పెరుగుకీ మిగుల్చుకోవాలని ఆయనే చూసుకుంటున్నారు. మొదటి రోజు పప్పులోకీ వేపుడులోకీ అయిపోగొట్టుకుని పెరుగులోకి ఆరు మెతుకులు మిగిలాయి, మర్నాడు నుంచి పెరుగు కోసం ఒక మూల ముందే వేలితో గీత గీసి పక్కకి జరిపి పెట్టుకుంటున్నారు. ఎవరూ తూచడం లేదు, ఎవరూ వెనక్కి తియ్యడం లేదు, "ఇక చాలు" అని అమ్మ అనాల్సిన పనీ లేదు. నాకు ఈ కంచంలో అన్నిటికంటే నచ్చినది ఇది. ఐదు వడ్డనల అన్నం ఒక్కచోట కంటికి ఆనింది.

ఐదున్నర నుంచి రెండున్నరకి ఒక్కరోజులో దిగలేదు. మొదట గుట్టగానే నాలుగు, తర్వాత మూడు, నెల దాటాక అంచుకి సమంగా రెండున్నర. డైటీషియన్ చెప్పినది రెండే, ఇంకా అక్కడికి రాలేదు. తగ్గించిన అన్నం చోటులో ఆకలికి ఏదో పడాలి కదా, చిన్న అరల్లో బీరకాయ, సొరకాయ, దొండకాయ, తోటకూర ఎక్కువ పెడుతున్నారు, పప్పు కాస్త గట్టిగా చేస్తున్నారు. ఒక హెచ్చరిక మాత్రం తప్పకుండా చెప్పాలి: షుగర్‌కి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. మేం ముందే వెళ్లి చెప్పాం, డాక్టర్ మందు ఎలా సర్దాలో చూసుకున్నారు. మూడు నెలల షుగర్ సగటు చూపించే పరీక్ష (HbA1c) 8.4 నుంచి 7.6కి వచ్చింది, అయితే మధ్యలో మందు కూడా మారింది కాబట్టి అదంతా కంచం వల్లే అని నేను అనను.

వండే కొలత కూడా మారింది, అది మేం అనుకోని లాభం. అమ్మ దగ్గర అమ్మమ్మ నాటి సోల ఉంది, బియ్యం దాంతోనే పోస్తుంది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని అమ్మకి చిన్నప్పుడు నేర్పినవి ఇప్పటికీ నోటికొచ్చు. పాల ప్యాకెట్‌తో చూస్తే మా సోల పావు లీటరు దగ్గరికి వచ్చింది. ఇదివరకు ఇద్దరికీ మధ్యాహ్నం సోలన్నర పోసేది, ఇప్పుడు సోల. గిన్నెలో మిగలకపోతే "ఇంత అన్నం పారబోస్తామా, తినెయ్యండి" అన్న మాటే రావడం లేదు. ఇంట్లో సోలా గిద్దే ఉన్నవాళ్లు వాటిని షోకేసులో పెట్టకుండా బియ్యం డబ్బాలోనే ఉంచండి, వాటికంటే మంచి కొలత పరికరం నాకు ఎక్కడా కనపడలేదు.

కంచం లోపాలు చెప్పాలి. అరల మూలల్లో పప్పు ఎండిపోతే తోమడం కష్టం, వేలితో గీకాలి, తిన్న వెంటనే నీళ్లు పోసి పెట్టాల్సిందే. లోతు రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి చారు పెద్ద అరలో కూడా జాగ్రత్తగా పోసుకోవాలి, నాన్న ఇప్పుడు చారు విడిగా గిన్నెలో పెట్టించుకుంటున్నారు. మామూలు కంచంకంటే బరువు, ఒక్క చేత్తో పట్టుకుని సోఫాలో తినేవాళ్లకి కుదరదు. స్టాండులో మామూలు కంచాల మధ్య పట్టదు. పట్టుకుంటే అంచు గుచ్చుకోకూడదు, కొట్లో నేను చూసిన వాటిలో సగం కంచాల అంచు పదునుగా ఉంది, మడిచిన అంచువే తీసుకోండి.

ఇది చెయ్యలేని పనులూ ఉన్నాయి. నూనె, నెయ్యి ఏ కంచానికీ కనపడవు. నేతి గిన్నెలో వేసి ఉంచే చిన్న గరిటెని దగ్గు మందు సీసాతో వచ్చే కొలత కప్పుతో చూశాం, పన్నెండు మిల్లీలీటర్లు పట్టింది. ఐదు మిల్లీలీటర్ల టీస్పూన్ నెయ్యికే నలభై కేలరీల పైన, ఈ గరిటెతో రెండుసార్లు వేసుకుంటే గిన్నె అన్నం కంటే ఎక్కువ. గరిటె తీసేసి టీస్పూన్ వేశాం, నాన్న గమనించినా ఏమీ అనలేదు. నూనెకి ఇంకో పద్ధతి. జాతీయ పోషకాహార సంస్థ లెక్క మనిషికి రోజుకి 27 గ్రాములు, నెలకి 810. మేం కొనే లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది. కాబట్టి ఇద్దరికి నెలకి రెండు ప్యాకెట్లు దాటకూడదు, దాంట్లో కూడా కాస్త మిగలాలి. కొత్త ప్యాకెట్ విప్పిన రోజు తేదీ పెన్నుతో డబ్బా మీద రాస్తోంది అమ్మ. మొదటి నెల మూడున్నర ప్యాకెట్లు, పోయిన నెల రెండుంపావు.

ఉదయం ఇడ్లీకి ఏ బాధా లేదు, రేకే కొలత, మూడంటే మూడు. దోసెకి గరిటె లెక్క. రాత్రి పుల్కాలకి మాత్రం సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం, అమ్మ రెండే అంటుంది గానీ ఉండ ఎంత అన్నది ముఖ్యం. ఒక గిన్నె పిండికి మూడు పుల్కాలు రావాలని పెట్టుకున్నాం, అలా చేస్తే ఉండ నిమ్మకాయ కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది.

పోయిన నెల భీమవరంలో పెళ్లికి వెళ్లాం. అరిటాకు భోజనం, అక్కడ అరలూ లేవు, గిన్నే లేదు. వడ్డించే అబ్బాయి అన్నం వెయ్యగానే నాన్న రెండు చేతులతో దాన్ని ఆకు మీద ఒక మూలకి లాగి, పైన అరచేత్తో సమంగా పరిచి, చూపుడు వేలితో మధ్యలో రెండు గీతలు గీశారు. ఇది పప్పులోకి, ఇది కూరలోకి, ఇది పెరుగులోకి అని నాకు చూపించారు. పులిహోర ఒక ముద్ద, బూరె ఒకటి తిన్నారు, బూరెలో నెయ్యి వేయించుకున్నారు కూడా. మారు అన్నం పట్టుకొచ్చినప్పుడు ఆకు మీద చెయ్యి అడ్డంపెట్టి "చాలు బాబూ" అన్నారు. మా వాళ్లు ఇద్దరు ముగ్గురు ఆ గీతలేంటని అడిగితే నాన్నే మొత్తం చెప్పారు, పాల ప్యాకెట్ దగ్గర నుంచి.

ఐదుకి నాలుగు ఇస్తాను కంచానికి. తోమడం కష్టం, లోతు తక్కువ, అందుకే ఒకటి తగ్గించాను. చిన్న గిన్నెకి ఐదుకి ఐదు, అది ముందునుంచీ ఇంట్లోనే ఉంది. కొనేటప్పుడు అంగుళాలు చూసి కొనకండి, మధ్య అర ఎంత పడుతుందో చూసి కొనండి, ఎందుకంటే మా పద్ధతంతా ఆ అర మీదే నడుస్తోంది. పెద్దనాన్న వాళ్లింట్లో రెండు కావాలన్నారు, ఆయనకి అన్నం రెండు గిన్నెలే. ఈసారి బేగం బజార్ వెళ్లేటప్పుడు చిన్న గిన్నె, ఒక నీళ్ల సీసా సంచిలో వేసుకెళ్తాను, కొట్టతను ఒప్పుకుంటే అక్కడే పోసి చూసి తీసుకుంటాను.